భీమిలిని చూడాలంటే తెల్లవారకముందే చేరాలి

విశాఖపట్నం వచ్చినవాళ్లలో చాలామంది భీమిలి, అంటే భీమునిపట్నం, చూశామనే చెబుతారు. వాళ్లు నిజంగా చూసింది బీచ్ రోడ్డు. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు వరసగా ముగించుకుని సాయంత్రం ఐదింటికి భీమిలి చేరతారు. ఒడ్డున కాసేపు నిలబడి, నాలుగు ఫొటోలు తీసుకుని, చీకటి పడుతోందని వెనక్కి తిరుగుతారు. అప్పటికి పడవలు ఒడ్డెక్కి చాలాసేపై ఉంటుంది. చేపలు అమ్ముడుపోయి ఉంటాయి. సమాధుల తోటలో రాతి మీది అక్షరాలు చదవడానికి వెలుతురు చాలదు. కొండెక్కడానికి ఓపిక మిగలదు.

అందుకే నేను చెప్పే పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసినది. ముందు భీమిలి, తర్వాతే దారిలో ఉన్నవన్నీ. తెల్లవారకముందు ఒడ్డున ఉండండి, మధ్యాహ్నం దాకా ఊళ్లో కాలినడకన తిరగండి, తిరుగు దారిలో మిగతావి చూసుకోండి. ఒక పూట చాలు. కానీ ఆ పూట ఉదయమే కావాలి.

రోజును ఎంచుకోవడం

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండ తీవ్రత తక్కువ, ఆకాశం తేటగా ఉంటుంది, కొండెక్కినా అలసట తెలియదు. కార్తీక మాసంలో సెలవు రోజులు మాత్రం వదిలేయండి. వనభోజనాలకు వచ్చే బళ్లతో తీరం రోడ్డు నిండిపోతుంది. ఏ నెలలోనైనా ఆదివారం కన్నా మామూలు పనిదినం మేలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా వేట నిషేధం అమల్లో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులూ ఇంజను పడవలను సముద్రంలోకి వెళ్లనివ్వరు. తెడ్డుతో నడిచే సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది కాబట్టి తీరం పూర్తిగా ఖాళీగా ఉండదు. అయినా తెల్లవారుజామున పడవలన్నీ వరసగా ఒడ్డుకు వచ్చే దృశ్యం కోసం వెళ్లేవాళ్లకు అది అనువైన కాలం కాదు. ఆ రోజుల్లోనే వెళ్లాల్సివస్తే మరొకటి కనిపిస్తుంది: పడవల మరమ్మతులు, నీడలో కూర్చుని చిరిగిన వలల కన్నులు ఒక్కొక్కటే కలిపే మనుషులు. తీరికగా మాట్లాడడానికి వాళ్లకు వీలు దొరికేది కూడా అప్పుడే.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబుర్లు చూసుకుని బయలుదేరాలి. ‘కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, గంగవరం, కాకినాడ ఓడరేవుల్లో ప్రమాద హెచ్చరిక’ అన్న వార్త ఏటా వింటూనే ఉంటాం. సరుకు ఓడలు రావడం మానేసి దశాబ్దాలైనా ఆ వరసలో భీమునిపట్నం పేరు అలాగే నిలిచింది. ఆ హెచ్చరిక ఉన్నన్నాళ్లూ అటు వెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది విశాఖ దగ్గరే. దాన్ని చూసినవాళ్లెవరూ హెచ్చరికను తేలిగ్గా తీసుకోరు.

చేరడం

భీమిలి విశాఖకు ఉత్తరాన, పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. వెళ్లడానికి రెండు దారులు. ఒకటి సముద్రాన్ని ఆనుకుని రుషికొండ, మంగమారిపేట మీదుగా సాగే తీరం రోడ్డు. రెండోది మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా జాతీయ రహదారి. రైల్వేస్టేషను నుంచి తీరం రోడ్డున వెళ్లే సిటీ బస్సు 900కె. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి తగరపువలస మీదుగా వెళ్లేది 999. భీమిలికి రైలు లేదు.

తెల్లవారకముందు చేరాలంటే బస్సును నమ్ముకోవడం కష్టం. ముందు రోజు సాయంత్రమే ఆటోనో కారునో మాట్లాడి పెట్టుకోండి. లేదా ఆ రాత్రికి తీరం రోడ్డులోనే ఎక్కడైనా బస చేయండి. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు, జూన్‌లో ఐదుంబావు దాటగానే. దానికి అరగంట ముందు ఇసుక మీద ఉండేలా లెక్క వేసుకోండి.

వెంట ఉంచుకోవలసినవి తక్కువే. తాగునీళ్లు, టోపీ లేదా గొడుగు, చిల్లర నోట్లు, ఇసుకలోనూ కొండ మీదా నడవడానికి పనికొచ్చే చెప్పులు. చేపలు కొనే ఆలోచన ఉంటే ఒక మంచు పెట్టె. పొద్దున్నే తీరంలో మరుగుదొడ్ల కోసం వెతుక్కోవడం ఇబ్బంది కాబట్టి బస చేసిన చోటే ఆ పని చూసుకుని బయలుదేరండి, ముఖ్యంగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు.

ఒడ్డున మొదటి గంట

ఒడ్డుకు చేరాక వెంటనే ఫోను బయటికి తీయకండి. కాసేపు ఒక పక్కన నిలబడి ఎవరు ఏ పని చేస్తున్నారో చూడండి. రాత్రి వేటకు వెళ్లిన పడవలు ఒక్కొక్కటే వస్తుంటాయి. దూరాన ఇంజను చప్పుడు వినిపిస్తుంది కానీ పడవ వెంటనే ఒడ్డుకు రాదు. అలలు విరిగే చోటికి అవతల ఆగి చూస్తుంది. పెద్ద అలలు వరసగా వెళ్లిపోయి నీళ్లు కాస్త సద్దుమణిగిన క్షణం పట్టుకుని ఒక్క ఊపున ఒడ్డెక్కుతుంది. నీళ్లలోకి దిగి కాచుకున్న మనుషులు రెండు వైపులా భుజాలు ఆనించి దాన్ని ఇసుక మీదికి తోస్తారు. ఈ పనిలో ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పడవ అడ్డం తిరుగుతుంది. కాబట్టి పడవ వచ్చే దారిలో నిలబడకండి, పిల్లలను అసలే వదలకండి.

అదృష్టం బాగుంటే పెద్దవల లాగడం కనిపిస్తుంది. అది కనిపించిందంటే మిగతా కార్యక్రమాలన్నీ పక్కన పెట్టి చివరిదాకా చూడమని నా గట్టి సలహా. పడవ ఒక తాడు కొసను ఒడ్డున ఉన్నవాళ్ల చేతికిచ్చి సముద్రంలోకి వెళుతుంది. వలను వంపుగా వదులుకుంటూ పోయి, చాలా దూరంలో మళ్లీ ఒడ్డుకు వచ్చి రెండో తాడు కొస అందిస్తుంది. ఇక రెండు జట్లు. ఒక్కో తాడుకు పదిమందో పదిహేనుమందో ఉంటారు. నడుము ఆనించి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ లాగుతారు. వరసలో అందరికన్నా వెనక ఉన్న మనిషి తాడు వదిలి, ముందుకు నడిచి, నీళ్ల అంచున తడి తాడును మళ్లీ అందుకుంటాడు. ఒకడు పిలుపు అందిస్తే మిగతావాళ్లు బదులు పలుకుతారు, ఆ పలుకు మీదే అడుగు పడుతుంది. లాగుతున్నకొద్దీ రెండు జట్లూ పక్కకు జరుగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. వల సంచి ఒడ్డుకు చేరవస్తోందని మనకన్నా ముందు గద్దలకు తెలుస్తుంది. ఆఖరి పది నిమిషాల్లో అప్పటిదాకా ఇసుకలో కూర్చున్న ఆడవాళ్లు కూడా లేచి నీళ్లలోకి దిగుతారు.

ఇదంతా అయ్యేసరికి రెండు మూడు గంటలు పట్టవచ్చు. అంత కష్టం తర్వాత సంచిలో ఒక్కోసారి నాలుగు బుట్టల నెత్తళ్లు మాత్రమే ఉంటాయి. ఆ క్షణంలో మొహాలకు ఎదురుగా కెమెరా పెట్టడం మర్యాద కాదు.

తాడు పట్టుకుని ఒక చెయ్యి వేయమని వాళ్లే పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే దూరంగా ఉండండి. బిగిసి ఉన్న తాడుకూ సముద్రానికీ మధ్య ఎప్పుడూ నిలబడవద్దు. ఆరేసిన వలలను దాటుకుంటూ నడవకండి, చుట్టి వెళ్లండి. ఒడ్డున ఆగి ఉన్న పడవ మీదికి చెప్పులతో ఎక్కి ఫొటోలు దిగడం నాకు చాలా బాధ కలిగించే అలవాటు. ఆ పడవకు పసుపు కుంకుమలు పెట్టి గంగమ్మకు మొక్కి సముద్రంలోకి దించుతారు. ఎక్కాలనుకుంటే ‘అన్నా, ఎక్కవచ్చా’ అని అడగండి, చెప్పులు కింద విడవండి. నూటికి తొంభైమంది సరే అంటారు. ఈ తీరంలో వేట చేసేవాళ్లు ఎక్కువగా వాడబలిజ, జాలరి కులాలవాళ్లు. తరతరాలుగా ఇదే బతుకు. అడిగి తెలుసుకునే మనిషికి గాలి ఎటు తిరిగితే ఏ చేప పడుతుందో ఓపిగ్గా చెబుతారు.

చేపలు కొనేటప్పుడు

పడవ దిగగానే చేపలు బుట్టల్లోకి, ప్లాస్టిక్ తొట్టెల్లోకి మారతాయి, అక్కడికక్కడే వేలం పాట మొదలవుతుంది. ఆ పాట వ్యాపారులకూ, ఊళ్లోకి మోసుకుపోయి అమ్ముకునే ఆడవాళ్లకూ. మీకు కావలసింది రెండు కిలోలైతే మధ్యలో దూరి ధర అడగకండి. పాట ముగిసి, ఆడవాళ్లు తమ వాటా ముందు పెట్టుకుని కూర్చున్నాక వాళ్ల దగ్గర కొనండి. వాళ్ల రోజు కూలి అందులోనే ఉంది. కొద్దిగా బేరం ఆడడం మామూలే, ఎవరూ తప్పుపట్టరు. హైదరాబాదులో ఇంతకే వస్తుందంటూ వాదనకు దిగడం మాత్రం వద్దు.

ఇక్కడ వంజరాన్ని కోనాం అంటారు. ముళ్లు తక్కువ, ముక్కలుగా కోసి వేయించడానికి దాన్ని మించింది లేదు, ధర కూడా అలాగే ఉంటుంది. చందువ పిల్లలున్న ఇంటికి మంచిది. కానాగంతలు, కవళ్లు చవక, పులుసుకు దివ్యంగా ఉంటాయి. తాజా నెత్తళ్లు దొరికితే వదలకండి, ఊరవతల అవి అంత తాజాగా దొరకవు. చేపను కొనేముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, లోపలికి పోయి తెల్లబడితే వద్దు. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడుకోవాలి. సముద్రపు వాసన రావాలి తప్ప ముక్కు మూసుకునే వాసన రాకూడదు.

శుభ్రం చేసి ముక్కలు కొట్టిపెట్టడానికి కత్తిపీటలతో కూర్చున్న అక్కలు ఉంటారు. వాళ్లకు విడిగా డబ్బివ్వాలి. కానీ మీ నడక ఇంకా నాలుగైదు గంటలు ఉంది. మంచు పెట్టె, దాన్ని ఉంచడానికి బండీ లేకపోతే ఆ ఉదయం పచ్చి చేపలు కొనకండి. ఎండుచేపలు కొనుక్కోండి. అవి ఎన్ని రోజులైనా ఆగుతాయి. గట్టిగా, పొడిగా, చీమ పట్టకుండా ఉన్నవి ఏరుకుని రెండు సంచుల్లో బిగించి కట్టించుకోండి, బస్సులో పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా.

లైట్‌హౌసు దగ్గర ఆగి సముద్రం వైపు చూడండి

టిఫిను ముగించుకుని లైట్‌హౌసు వైపు నడవండి. 19వ శతాబ్దపు కట్టడం. దాని నీడలో నిలబడి సముద్రాన్ని చూస్తే ఒక సందేహం కలగాలి. ఇక్కడ గోడ లేదు, జెట్టీ లేదు, ఓడ ఆగడానికి లోతైన నీళ్లు లేవు. మరి ఇది రేవు ఎలా అయింది?

ఓడలు ఒడ్డుకు రాలేదు. దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య సరుకును, మనుషులను చేరవేసింది మన పడవలే. ఇంగ్లీషువాళ్లు మసూలా పడవలని రాసుకున్న ఆ పడవల్లో చెక్కలను మేకులతో బిగించరు, కొబ్బరి తాడుతో కుట్టి కలుపుతారు. మేకులు కొట్టిన బిర్రు పడవ ఈ అలల దెబ్బకు పగిలిపోతుంది. కుట్టిన పడవ అల తగిలినప్పుడు కాస్త వంగి, తట్టుకుని నిలబడుతుంది. ఐరోపా నుంచి ఎంత పెద్ద ఓడలో వచ్చిన దొరైనా ఆఖరి ఆ కొద్ది దూరం మన పడవవాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి రావలసిందే. భీమిలి చరిత్రలో డచ్చివారి పేరు, ఇంగ్లీషువారి పేరు ఎన్నిసార్లు వచ్చినా ఆ పడవవాళ్లను కలపకుండా ఆ కథ చెప్పకూడదని నా అభిప్రాయం.

డచ్చి కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది నేత బట్టల కోసం. 19వ శతాబ్దానికి సరుకు మారింది. నూనెగింజలు, నీలిమందు, ఏజెన్సీ కొండల నుంచి బళ్ల మీద దిగివచ్చే కరక్కాయలు, గోగునార ఇక్కడి నుంచే ఓడలెక్కాయి. గోగునారకు ప్రపంచ మార్కెట్లో బిమ్లీ జనుము అన్న పేరు స్థిరపడింది ఈ రేవు మూలంగానే. దగ్గరలోని చిట్టివలస జనపనార మిల్లు 2009లో మూతపడేదాకా ఆ నార కథ సాగింది.

మనుషులు కూడా ఇక్కడి నుంచే వెళ్లారు. ఉత్తరాంధ్రలో ‘మా తాత రంగం వెళ్లాడు’ అన్న మాట వినని ఇల్లు తక్కువ. రంగమంటే రంగూన్. అక్కడి మిల్లుల్లో, రేవుల్లో కూలికి పోయిన మన జనం స్టీమర్లెక్కిన రేవుల్లో భీమునిపట్నం ఒకటి. మీ కుటుంబంలో అలాంటి జ్ఞాపకం ఉంటే ఈ చోట మరో నాలుగు నిమిషాలు ఎక్కువ నిలబడండి.

1933లో విశాఖపట్నంలో ఓడలు గట్టు దాకా వచ్చే హార్బరు తెరిచారు. ఆ తర్వాత అలల మధ్య పడవల మీద సరుకు ఎక్కించే శ్రమ ఎవరికి కావాలి? వ్యాపారం పక్క ఊరికి తరలిపోయింది. భీమిలికి మిగిలింది చేపల వేట. ఇప్పుడు మీకు కనిపించే ప్రశాంతత వెనక ఉన్న కారణం అదే.

సమాధుల తోట

సముద్రానికి దగ్గరలోనే హాలండర్స్ గ్రీన్ అనే డచ్చి సమాధుల తోట ఉంది. లైట్‌హౌసు దగ్గర ఎవరినడిగినా దారి చూపిస్తారు. గేటు మూసి ఉంటే గోడ దూకకండి, చుట్టుపక్కలవాళ్లను అడగండి.

లోపలికి వెళ్లాక కోణంగా పైకి లేచిన సమాధులు, గుమ్మటాల ఆకారంలో కట్టినవి కనిపిస్తాయి. అవి 17, 18 శతాబ్దాల నాటివి. ఉదయపు ఎండ వాలుగా పడేటప్పుడు రాతి మీద చెక్కిన అక్షరాల అంచుల్లో నీడ నిలుస్తుంది, అప్పుడే చదవడం సులువు. మధ్యాహ్నం ఎండలో అదే రాయి నున్నగా, ఖాళీగా కనిపిస్తుంది. భాష మనకు రాకపోయినా పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం పోల్చుకోవచ్చు. ఒక రాయిని ఎంచుకుని ఆ రెండు సంవత్సరాల మధ్య తేడా లెక్కకట్టి చూడండి. ఎంత చిన్న వయసువాళ్లు ఇక్కడ కన్నుమూశారో తెలుస్తుంది. జ్వరాలు, విరేచనాలు ఆనాటి వర్తకులను కోటలతో, ఫిరంగులతో సంబంధం లేకుండా తీసుకుపోయేవి.

బతికి ఉన్నవాళ్లకూ ఇక్కడి కాలం నిలకడగా సాగలేదు. 1754లో మరాఠా సేనలు ఊరిని దోచుకున్నాయి. చివరికి 1825లో డచ్చివారు ఈ స్థావరాన్ని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. వాళ్ల కోట ఆనవాళ్లు ఇప్పుడు వెతికి పట్టుకోవలసినంతగా చెదిరిపోయాయి. గట్టిగా మిగిలింది ఈ సమాధులే.

రాళ్ల మీద సుద్దతో, బొగ్గుతో రుద్ది అక్షరాలు పైకి తేవాలని చూడకండి, రాయి పాడవుతుంది. సమాధుల మీద కూర్చోవద్దు. ఎవరో పేర్లు గీసి పాడుచేశారని మనం కూడా ఒక గీత కలపనక్కర్లేదు. చచ్చిపోయిన మనిషి ఏ దేశంవాడైనా మన ఊరి మట్టిలో పడుకున్నవాడే. పొదలు, ముళ్లు ఉండవచ్చు కాబట్టి కింద చూసి అడుగు వేయండి.

చర్చి, గంటస్తంభం, పాత వీధులు

సెయింట్ పీటర్స్ చర్చిని 1864లో ప్రతిష్ఠించారు. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి. తలుపు తెరిచి ఉండి, లోపల ఎవరూ లేకపోతే అనుమతి అడిగి వెళ్లి రంగుటద్దాల కిటికీ చూసి రండి. గంటస్తంభం దగ్గర ఎక్కువసేపు పట్టదు. కానీ అక్కడి నుంచి వీధుల్లోకి తిరిగితే పెంకుటిళ్లు, లావైన గోడలు, పొడవాటి అరుగులు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. ఇది చిన్న ఊరిలా కనిపించినా 1861లోనే మునిసిపాలిటీ అయింది. దేశంలోని అతి పాత పురపాలక సంఘాల్లో ఒకటి. ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లను పలకరిస్తే ఏ ఇల్లు ఏ వర్తకుడిదో, ఏది ఒకప్పుడు గిడ్డంగో వాళ్లే చెబుతారు. ఇళ్ల లోపలికి కెమెరా పెట్టకండి.

కొండెక్కడం

చలికాలంలో ఇవన్నీ చూశాక తొమ్మిదింటికి కొండెక్కినా పర్వాలేదు. మార్చి దాటితే ఈ వరస మార్చండి. ఒడ్డు నుంచి నేరుగా కొండకు వెళ్లి, దిగివచ్చాక సమాధుల తోటకు వెళ్లండి. అక్షరాలు కాస్త మసకబారినా ఫర్వాలేదు, వడదెబ్బ తగలడం కన్నా నయం.

కొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. మెట్లదారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా ఆగి ఆగి ఎక్కాలి, లేదా కిందే ఉండిపోవడం మంచిది. గుడి దాటి ఇంకా పైకి వెళితే పావురాలకొండ బౌద్ధ స్థలం వస్తుంది. ఇటుక కట్టడాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉంటాయి. మొదటిసారి చూసేవాళ్లకు ఇవి గుంతల్లా అనిపించి నిరాశ కలగవచ్చు. కానీ ఆలోచించండి. కొండ మీద బావి లేదు. వర్షాకాలంలో పడిన ప్రతి చుక్కనూ ఈ తొట్లలో నిలవచేసుకుని భిక్షువులు ఏడాది గడిపారు. బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ మూడూ సముద్రానికి ఎదురుగా ఉన్న గుట్టల మీదే ఉన్నాయి. తొట్లకొండ తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. డచ్చివారికి పదహారు పదిహేడు వందల ఏళ్ల ముందే ఈ తీరం దూరదేశాలతో బేరాలు నడిపిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పైనుంచి కింద చూస్తే ఊరి తీరు ఒక్క చూపులో అర్థమవుతుంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గోస్తనీ నది ఒంపు తిరిగి వచ్చి కలిసే అలివి, మధ్యలో ఇళ్లు. ఈ గోస్తనీయే అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహలను తొలిచి, తాటిపూడి జలాశయం నింపి ఇక్కడికి చేరుతుంది. అరకు వెళ్లినప్పుడు బొర్రా గుహలు చూసినవాళ్లు ఆ నీళ్లు చివరికి ఎటు పోతాయో ఇక్కడ కళ్లారా చూడవచ్చు. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని, అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. దిగేటప్పుడు పిల్లలకు ఆ కథ చెబితే మెట్లు తెలియకుండా అయిపోతాయి.

పైన నీడ తక్కువ, నీళ్లు దొరకవు. మనిషికో సీసా కింద నుంచే పట్టుకెళ్లండి, ఖాళీ సీసా తిరిగి తెచ్చుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

నీళ్లలోకి దిగే ముందు

విశాఖ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. వాటిలో చాలా భాగం చదువుకునే కుర్రాళ్లవి. దయచేసి ఈ మాట గట్టిగా పట్టించుకోండి. అలివి దగ్గర అస్సలు దిగవద్దు. నది వేగం, సముద్రపు పోటు కలిసే చోట అడుగున ఇసుక రోజుకో తీరుగా ఉంటుంది. మిగతా చోట్ల కూడా మోకాలి లోతు దాటకండి. నీళ్లు ఒకచోట మాత్రం ప్రశాంతంగా, నురుగు లేకుండా కనిపిస్తే అది క్షేమమైన చోటు అనుకోకండి. విరిగిన అలల నీళ్లు తిరిగి లోపలికి లాగే దారి తరచుగా అదే. పొరపాటున అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో వేటగాళ్లను అడగండి. ‘ఇవాళ వద్దు బాబూ’ అంటే మళ్లీ అడగనక్కర్లేదు.

తిరుగు దారి

భోజనం భీమిలిలోనే చేసుకోండి. చేపల పులుసు దొరికే చిన్న హోటళ్లు ఉన్నాయి, ఉదయం పడినది ఏమిటో అడిగి అదే చెప్పించుకోండి. ఎండ మళ్లాక తీరం రోడ్డు పట్టుకుని దక్షిణానికి బయలుదేరితే కొద్ది కిలోమీటర్లలోనే ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం హెచ్చుతగ్గుల కాలంలో గాలి, నీరు కలిసి పేర్చిన ఎర్ర ఇసుక అది. దక్షిణాసియాలో ఇలాంటివి తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయంటారు. 2025లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. మధ్యాహ్నం మూడున్నర, నాలుగు తర్వాత వాలు వెలుతురులో ఆ ఎరుపు చూడాలి. వాగు దారుల్లో అడుగునే నడవండి, అంచుల మీదికి ఎక్కితే మట్టి విరిగి పడుతుంది. మీకూ ప్రమాదం, దిబ్బకూ నష్టం. దారులు ఒకదానిలా ఒకటి ఉంటాయి కాబట్టి ఎటు నుంచి వచ్చారో గుర్తుపెట్టుకోండి.

ఆ పక్కనే నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉంది. దాని గోడల వైపు ఫొటోలు తీయవద్దు, డ్రోను ఎగరేయడం అసలే వద్దు. ఇంకా ఓపిక ఉంటే తొట్లకొండ, మంగమారిపేట దగ్గర సముద్రపు ఒడ్డున సహజంగా ఏర్పడిన శిలాతోరణం చూడవచ్చు. తోరణం దగ్గరికి పోటు తక్కువగా ఉన్నప్పుడే వెళ్లాలి. రెండింటిలో ఒకటే కుదిరేటట్లయితే నేను తొట్లకొండే ఎంచుకుంటాను, పొద్దున పావురాలకొండ మీద చూసిన తొట్లు అక్కడ మరింత స్పష్టంగా అర్థమవుతాయి.

విజయనగరం వైపు వెళ్లేవాళ్లయితే ఈ తిరుగు దారి మీకు పనికిరాదు. భోజనం కాగానే తగరపువలస మీదుగా వెళ్లిపోండి, దిబ్బలు మరో రోజుకు ఉంచుకోండి. పచ్చి చేపలు కొన్నవాళ్లు ఏ దారిన వెళ్లినా ముందు మంచు పెట్టెలో కరిగిన నీళ్లు పారబోసి కొత్త మంచు నింపించుకుని బయలుదేరండి.